గుడ్డు సంగతి పెట్టనే అడగాలి

పెరటి కోళ్లు: పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మాటలు వేరైనా చాలామంది అడిగింది ఒకటే. "దాణాలో ఏం కలిపితే గుడ్డు బాగుంటుంది?" పెరట్లో కోళ్లు పెంచడం మొదలుపెట్టి నాకు 27 ఏళ్లయింది. ఎప్పుడూ పది, పన్నెండు పెట్టలకు మించి పెట్టుకోలేదు. మొదట్లో నేనూ ఇదే ప్రశ్న పట్టుకుని తిరిగాను. ఎవరేం చెబితే అది కలిపాను. ఒక దశలో నా దాణా డబ్బాలో తొమ్మిది రకాల పొడులుండేవి. ఇప్పుడు గుడ్డులో తేడా కనిపిస్తే ముందు ఏం మానెయ్యాలో చూస్తున్నాను. కలపడం సంగతి ఆ తర్వాతే. కింది జవాబుల్లో ఇదే మాట మళ్లీ మళ్లీ వస్తే విసుక్కోకండి.

ప్రశ్న: నా దగ్గర 6 పెట్టలున్నాయి. కొన్న లేయర్ దాణాలో (గుడ్లు పెట్టే పెట్టల దాణా) సగానికి సగం మొక్కజొన్న నూక కలిపి వేస్తున్నాను. రెండు నెలలుగా పెంకులు పల్చబడ్డాయి, గుడ్డు చేతిలోకి తీసుకుంటుంటేనే వేలు దిగబడుతోంది. పోయిన వారం పెంకు లేని తోలుగుడ్లు రెండు వచ్చాయి. కాల్షియం టానిక్ తాగించమంటారా?

టానిక్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక చిన్న లెక్క వేద్దామమ్మా.

గుడ్లు పెట్టే పెట్ట రోజుకు దాదాపు 110 గ్రాముల దాణా తింటుంది. లేయర్ దాణాలో కాల్షియం ఇంచుమించు 4 శాతం ఉంటుంది. అంటే పెట్ట కడుపులోకి వెళ్లేది 4.4 గ్రాములు. అందులో ఒంటికి పట్టేది సుమారు సగం, 2.2 గ్రాములు. ఒక గుడ్డు పెంకులో ఉండే కాల్షియం కూడా రెండు గ్రాముల పైచిలుకే. చూశారా, దాణా తయారు చేసేవాళ్లు సరిగ్గా సరిపోయేట్టు కొలిచి పెట్టారు. మీరు దాన్ని సగం చేసి, ఆ సగం మొక్కజొన్నతో నింపారు. మొక్కజొన్నలో కాల్షియం దాదాపు లేనట్టే. మిగతా సగం పెట్ట ఎక్కణ్నుంచి తేవాలి? తన ఎముకల్లోంచే తీస్తుంది. పెంకు కోసమని పెట్ట ఎముకల్లో కొంత నిల్వ ఉంటుంది, నిజమే. అది ఈ రాత్రికి తీసుకుని రేపు తిరిగి కట్టాల్సిన చేబదులు లాంటిది. రెండు నెలలు తీస్తూనే ఉంటే ముందు పెంకు పల్చబడుతుంది. తర్వాత పెట్ట కుంటుతుంది.

నష్టపోయింది కాల్షియం ఒక్కటే కాదు. 17 శాతం ఉన్న మాంసకృత్తులు కూడా మీ కలపడంతో 12, 13కి దిగిపోయాయి. కాబట్టి మొదటి పని నూక మానెయ్యడం. గింజలు వెయ్యకపోతే మీకు తోచదంటే సాయంత్రం గూట్లోకి పిలవడానికి ఒక గుప్పెడు, అదీ ఆరింటికీ కలిపి.

రెండో సంగతి సమయం. గుడ్డు తయారవడానికి ఒక రోజు, ఇంకో గంటో రెండు గంటలో పడుతుంది. అందులో 20 గంటల దాకా పెంకు కట్టుకోవడానికే పోతుంది. ఆ పనిలో ఎక్కువ భాగం రాత్రిపూట జరుగుతుంది. అప్పుడు పెట్ట దండెం మీద, అంటే పడుకోవడానికి అడ్డంగా కట్టిన కర్ర మీద, కళ్లు మూసుకుని ఉంటుంది, తినదు. మరి రాత్రంతా కాల్షియం అందేదెలా? కందనకాయలో నెమ్మదిగా కరిగే ముక్కలు ఉండాలి.

నేను చేసిన తప్పు ఇక్కడే. ఆల్చిప్పల్ని మిక్సీలో వేసి మైదాలా పట్టి దాణాలో కలిపేదాన్ని. ఎంత మెత్తగా ఉంటే అంత బాగా ఒంటపడుతుందని నా నమ్మకం. మెత్తటి పొడి తొందరగా కడుపు దాటిపోతుంది, అర్ధరాత్రికి ఏమీ మిగలదు. 2 నుంచి 4 మిల్లీమీటర్ల ముక్కలైతే తెల్లారేదాకా పనికొస్తాయి. కాబట్టి ఆల్చిప్ప ముక్కలో, సున్నపురాయి ముక్కలో వేరే డబ్బాలో పెట్టండి. దాణాలో కలపకండి, ఎంత కావాలో అదే తీసుకుంటుంది. నా ఇంట్లో గూటి గోడకి ఒక చిన్న తగరపు డబ్బా కట్టి ఉంది. సాయంత్రం నాలుగున్నర, అయిదు మధ్య అక్కడ నిలబడితే భలే ఉంటుంది. పొద్దుటి నుంచి డబ్బా మొహం చూడని పెట్ట అప్పుడొస్తుంది. ముక్కుతో ముక్కల్ని అటూ ఇటూ తోసి, పెద్దవి ఏరి, టకటకమని అయిదారు మింగి వెళ్లిపోతుంది. చాలాసార్లు మర్నాడు గుడ్డు పెట్టేది అదే.

కోడిగుడ్డు పెంకులు కూడా వాడొచ్చు. బాగా కడిగి, పెనం మీద కరకరలాడేదాకా వేయించి, గుడ్డు ఆకారం గుర్తుపట్టనంత చిన్నగా నలపండి. పిండి మాత్రం చెయ్యకండి.

ఇంకో మాట. మీ పెట్టలు ఎప్పుడూ కప్పు కిందే ఉంటున్నాయా? కాల్షియం ఒంటపట్టాలంటే విటమిన్ డి కావాలి, దానికి ఎండ తగలాలి. రోజూ కాసేపు ఆరుబయట వదలండి. గుడ్లకు రాని పిల్లలుంటే వాటికి ఈ లేయర్ దాణా పెట్టకండి. ఎదిగే పిల్లలకు 1 శాతం కాల్షియం చాలు, 4 శాతం వాటి మూత్రపిండాల్ని పాడుచేస్తుంది. మొదటి గుడ్డు కనిపించేదాకా ఎదుగుదల దాణాయే పెట్టండి.

వయసు మీరిన పెట్ట గుడ్డు కాస్త పెద్దదవుతుంది. పెంకుకు వాడే కాల్షియం మాత్రం పెరగదు, ఉన్నదే ఎక్కువ మేర పరుచుకుంటుంది. అప్పుడు కొంచెం పల్చబడితే దాన్ని జబ్బు అనుకోవద్దు. ఉన్నట్టుండి అన్ని పెట్టలూ ముడతలు పడ్డ, వంకర గుడ్లు పెడుతూ తుమ్ముతూ ఉంటే మాత్రం అది దాణా గొడవ కాదు. పశువైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే.

ప్రశ్న: మేడమ్, మా కోళ్ల పచ్చసొన లేత పసుపు. బజారు గుడ్డులో చిక్కటి నారింజ రంగు. ఇంటి గుడ్డే ఇలా వెలవెలబోతే ఇంక పెంచి లాభమేంటని మా ఆయన ఎగతాళి చేస్తున్నారు. రంగు రావడానికి ఏం వెయ్యాలి?

ముందు మీ ఆయనకి ఈ జవాబు చదివి వినిపించండి. పచ్చసొన రంగు ఆకుల్లో, పచ్చ మొక్కజొన్నలో, బంతిపూలలో ఉండే పసుపు రంగు పదార్థాల నుంచి వస్తుంది. పెట్ట వాటిని తయారు చేసుకోలేదు, తిన్నదే సొనలోకి చేరుతుంది. పెద్ద ఫారాల్లో బంతిపూల సారం దాణాలో కలిపి కావలసిన రంగు తెప్పించుకోవచ్చు. దాంతో మాంసకృత్తులు పెరగవు. అంటే నారింజ రంగు చూసి గుడ్డు బలమైనదని అనుకోవడానికి లేదు. లేత రంగు సొన కూడా మంచిదే అయి ఉండొచ్చు.

అలాగని రంగు పూర్తిగా అబద్ధమూ కాదు. పెరట్లో తిరిగే కోడి సొన ముదిరిందంటే అది ఆకులు బాగా తింటోందని తెలుస్తుంది. ఆకుతోపాటు పురుగూ పుట్రా తింటుంది, ఎండలో తిరుగుతుంది. అలా తిరిగే కోడి గుడ్డులో విటమిన్ డి, ఒమేగా-3 కొవ్వులు కాస్త పెరుగుతాయి. నేను సొన రంగు చూసేది అందుకు. పెట్ట పొద్దు ఎలా గడిచిందో దాన్నిబట్టి తెలుస్తుంది.

చెయ్యాల్సింది సులువే. ఆకుకూరల కట్టను పెట్ట తలకంటే కొంచెం ఎత్తులో తాడుతో వేలాడదియ్యండి. నేల మీద పడేస్తే తొక్కి, రెట్ట వేసి, వదిలేస్తాయి. వేలాడదీస్తే ఎగిరి ఎగిరి చివరి కాడ దాకా తింటాయి, పైగా వాటికదో ఆట. ముదురు ఆకైతే సన్నగా తరగండి. పొడవాటి పీచు గడ్డి పెద్ద ముక్కలుగా మింగితే మెడ దగ్గరి తిత్తిలో ఉండకట్టుకుపోతుంది. ఈ రోజు ఆకు వేసి రేపు గుడ్డు పగలగొట్టి చూడకండి. సొన పెరగడానికే వారం, పది రోజులు పడుతుంది. తేడా తెలియాలంటే రెండు వారాలు ఆగండి.

అవిసె గింజలు వేస్తే ఒమేగా-3 పెరుగుతుందని కొందరు రాశారు. అవును, పెరుగుతుంది. దాణాలో పదో వంతుకు మించనివ్వకండి. మించితే గుడ్డుకి చేప వాసన పట్టొచ్చు. ఎండు చేపల పొడి ఎక్కువ వేసినా అంతే. ఒకసారి మా ఇంటికొచ్చిన చుట్టాలకి ఆమ్లెట్ వేసి పెట్టాను. "ఇందులో చేప వేశావా వదినా?" అని మా మరిది భార్య అడిగింది. ఆ పూటతో చేపల పొడి డబ్బా పెరట్లో మొక్కలకి ఎరువైపోయింది.

ప్రశ్న: గోధుమరంగు గుడ్డుకి బలమెక్కువా?

లేదు. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది. లోపలి సరుకు తిండిని బట్టి ఉంటుంది.

ప్రశ్న: పచ్చసొన మీద చిన్న రక్తపు చుక్క కనిపించింది. మా దగ్గర పుంజే లేదు. పారేశాను. తప్పు చేశానా?

పుంజుకీ ఆ చుక్కకీ సంబంధం లేదు. సొన అండాశయం నుంచి విడిపోయేటప్పుడు సన్నటి రక్తనాళం ఒకటి చిట్లితే ఆ చుక్క పడుతుంది. కత్తి మొనతో తీసేసి వండుకోవచ్చు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, ఆ గుడ్డు పొదగదు, అంతే తేడా. ఒకే పెట్ట గుడ్లలో రోజూ చుక్కలు కనిపిస్తే అది దాని తీరు. రాత్రిళ్లు కుక్కో పిల్లో గూటి చుట్టూ తిరిగి బెదరగొడుతోందేమో కూడా చూసుకోండి.

ప్రశ్న: ఎండలు ముదిరినప్పటి నుంచి గుడ్లు సగానికి పడిపోయాయి. పెట్టినవి కూడా పల్చటి తెల్లసొనతో, నీళ్లలా ఉంటున్నాయి. దాణాలో విటమిన్ పొడి కలుపుతున్నా ఫలితం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ వద్దు. మధ్యాహ్నం ఒంటిగంటకి వెళ్లి కోళ్ల నీళ్లలో చెయ్యి పెట్టి చూడండి. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానో వినండి.

ఒక వేసవిలో నా 11 పెట్టలకీ కలిపి రోజుకి రెండు గుడ్లు వచ్చేవి. పొడులు మార్చాను, దాణా మార్చాను, నులిపురుగుల మందు కూడా వేశాను. ఒకరోజు మధ్యాహ్నం స్టీలు పళ్లెంలో నీళ్లు పోయబోతూ, ఉన్న నీళ్లు ఒంపేద్దామని పళ్లెం ఎత్తాను. వేళ్లు చురుక్కుమన్నాయి. స్నానానికి కాచిన నీళ్లు ఎంత వేడిగా ఉంటాయో అంత వేడి. పొద్దున నీడ పడే చోటే పెట్టాను, ఎండ తిరిగి పదింటికే దాని మీదికి వచ్చేసింది. పాపం, ఆ నోరులేని జీవాలు పొద్దున్నా సాయంత్రమూ మాత్రమే తాగుతూ బతికాయి. వేడి నీళ్లు కోళ్లు తాగవు. గుడ్డులో నాలుగింట మూడొంతులు నీరే. తాగకపోతే తినవు, తినకపోతే పెట్టవు.

చల్లటి రోజుల్లో ఒక పెట్ట పావు లీటరు దాకా తాగుతుంది. ఎండలో దానికి రెట్టింపు కావాలి. మట్టి మూకుళ్లలో, రోజంతా నీడ తప్పని చోట, ఒకటి కాకుండా రెండు మూడు చోట్ల పెట్టండి. రెండు మూకుళ్లెందుకంటే గుంపులో పెత్తనం చేసే పెట్ట ఒకటి ఉంటుంది, అది తాగుతున్నంతసేపూ చిన్నవాటిని దగ్గరికి రానివ్వదు. మధ్యాహ్నం ఒకసారి నీళ్లు మార్చండి. దాణా తెల్లవారుజామున, మళ్లీ ఎండ దిగాక వెయ్యండి. నడిమధ్యాహ్నం తింటే ఒంట్లో వేడి ఇంకా పెరుగుతుంది.

ఎండలో పెంకు పల్చబడటానికి ఇంకో కారణం ఉంది. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతుంది. అలా రొప్పినప్పుడు రక్తంలోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది. పెంకు కట్టడానికి కాల్షియంతో పాటు అదీ కావాలి. అందుకే నడివేసవిలో మీరు ఎన్ని ఆల్చిప్పలు పెట్టినా నీడ లేకపోతే లాభం లేదు.

ఇక నీళ్లలాంటి తెల్లసొన. ఒక పరీక్ష చెయ్యండి. ఈ రోజు పెట్టిన గుడ్డూ, నాలుగు రోజులు గట్టు మీద ఉన్న గుడ్డూ పక్కపక్కన పళ్లెంలో పగలగొట్టండి. తాజా గుడ్డులో తెల్లసొన పచ్చసొన చుట్టూ గట్టిగా, గద్దెలా నిలబడి ఉంటే కోడి బాగానే ఉందన్నమాట, తప్పు మీరు దాచిన చోటిది. వంటింటి వేడిలో ఒక రోజు ఉంటే ఫ్రిజ్‌లో వారం ఉన్నంత పాడవుతుంది. తాజా గుడ్డే పళ్లెం అంతా పారితే అప్పుడు డాక్టరుకు చూపించండి. శ్వాస జబ్బు వచ్చి తగ్గిన కోళ్లలో కొన్నిటికి ఇలా జరుగుతుంది. కొక్కెర తెగులు టీకాలు వేయించారో లేదో కూడా చూసుకోండి. ఒకేసారి చాలా కోళ్లు చచ్చిపోతే వాటిని కొయ్యకండి, వండకండి. పశువైద్యశాలకి కబురు పెట్టండి.

ప్రశ్న: ఒక పెట్ట గుడ్లు పొడుచుకు తింటోంది. గుడ్డులో కారం నింపి పెడితే మానుతుందని చెప్పారు. నిజమేనా?

నేనూ చేశాను. సూదితో బెజ్జం పెట్టి, లోపలిది తీసేసి, కళ్లమ్మట నీళ్లొస్తుండగా కారం కూరి పెట్టాను. అది వచ్చింది, పొడిచింది, మొత్తం తినేసింది, ముక్కు నేలకేసి అటూ ఇటూ రుద్దుకుని వెళ్లిపోయింది. తర్వాత తెలిసింది, మిరపకాయ మంట పక్షులకి తెలియదట. మన కళ్లు మండాయి, దాని కడుపు నిండింది.

ఈ అలవాటు చాలాసార్లు తోలుగుడ్డుతో మొదలవుతుంది. అది పెట్టగానే పగులుతుంది, పెట్ట రుచి చూస్తుంది, ఇంక వదలదు. కాబట్టి మొదటి జవాబులో చెప్పిన కాల్షియం సంగతి చూసుకోండి. తర్వాత గుడ్డు దొరక్కుండా చెయ్యండి. గుడ్లు పెట్టే గూడు చీకటిగా ఉండాలి, ముందు ఒక గోనె పట్టా కట్టండి. నాలుగైదు పెట్టలకి ఒక గూడు చొప్పున ఉండాలి, లేకపోతే తోసుకుని తొక్కి పగలగొడతాయి. కింద పరుపు మందంగా ఉండాలి. ఎక్కువ గుడ్లు పొద్దుటిపూటే పెడతాయి, పదింటి లోపు రెండుసార్లు వెళ్లి తియ్యండి. గూట్లో ఒక పింగాణీ గుడ్డు పెట్టండి. పొడిచి పొడిచి ముక్కు నొప్పెట్టి మానేస్తాయి కొన్ని. నా ఆ కారం పెట్ట మాత్రం మానలేదు. దాన్ని విడిగా పెట్టుకున్నాను.

ప్రశ్న: వంటింట్లో మిగిలినవన్నీ కోళ్లకే వేస్తాం. ఈమధ్య తెల్లసొన గులాబీ రంగులో కనిపించింది. భయమేసి పారేశాం. దాణాలో వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క కలుపుతున్నాం.

పారేసి మంచి పని చేశారు. చెడిపోయిన గుడ్డు కూడా గులాబీ రంగులోకి తిరగొచ్చు, అలాంటిది తినకూడదు. అయితే చెడిపోని గుడ్లలో కూడా, రోజుల తరబడి అదే రంగు వస్తుంటే మీ పత్తిగింజల చెక్కే కారణం. అందులోని కొవ్వు వల్ల నిల్వ ఉన్న గుడ్డు తెల్లసొన గులాబీ రంగుకి మారుతుంది. అందులోనే ఉండే గాసిపాల్ అనే పదార్థం పచ్చసొనని ఆకుపచ్చ చేస్తుంది. మానెయ్యండి.

వేరుశనగ చెక్క మంచిదే, బూజు పట్టనంతవరకూ. ఒక వానాకాలం ఒక కొట్టులో బస్తా కొన్నాను. విప్పితే ముక్క వాసన. తిరిగి ఇస్తే తీసుకోలేదు. డబ్బు దండగవుతుందని బూజు ఉండలు ఏరి పారేసి, రెండు రోజులు ఎండబెట్టి పెట్టాను. మూడు వారాల్లో గుడ్లు సగమయ్యాయి, పెట్టలు ఈకలు ఉబ్బించుకుని మూలల్లో నిలబడ్డాయి. రెండు చచ్చిపోయాయి. ఆ బూజు వదిలే విషం అఫ్లాటాక్సిన్. ఎండబెట్టినా పోదు, ఉడకబెట్టినా పోదు. కాలేయాన్ని తినేస్తుంది, కొంత గుడ్డులోకి కూడా చేరుతుంది. ముక్కు చెప్పిన మాట వినకపోవడం నాదే తప్పు. దాణా నెలకి సరిపడా మాత్రమే కొనండి. బస్తాని నేలకీ గోడకీ ఆనించకుండా చెక్క మీద పెట్టండి.

వంటింట్లో మిగిలినవి మొత్తం తిండిలో పదో వంతు మించకూడదు. ఒక పెట్టకి పది, పన్నెండు గ్రాములు, అంతే. ఉప్పు ఎక్కువున్నవి వద్దు. అవకాడో, చాక్లెట్, ఉడకని ఎండు చిక్కుడు గింజలు, ఆకుపచ్చగా మారిన బంగాళాదుంప తొక్కలు అసలే వద్దు. వెల్లుల్లి, ఉల్లి ఎక్కువైతే గుడ్డు రుచి మారుతుందని గుర్తుంచుకోండి. మిగిలినవి మధ్యాహ్నం తర్వాత వెయ్యండి. పొద్దున్నే వేస్తే వాటితో కడుపు నింపుకుని అసలు దాణా ముట్టవు.

నులిపురుగుల మందుగానీ, ఇంకే మందుగానీ వేస్తే ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో సీసా మీద రాసి ఉంటుంది. లేకపోతే డాక్టర్ని అడగండి. అన్ని రోజులూ గుడ్లు పారేయండి, ఎవరికీ ఇవ్వకండి కూడా.

ప్రశ్న: గుడ్లకి రెట్ట అంటుకుంటోంది. చల్లటి నీళ్లలో కడిగి ఫ్రిజ్‌లో పెడుతున్నాను. పర్వాలేదా?

కడగకపోవడమే మంచిది. పెంకు నిండా వేల సంఖ్యలో సన్నటి రంధ్రాలుంటాయి. వాటిని మూస్తూ పైన పల్చటి పూత ఉంటుంది, కడిగితే అది పోతుంది. పైగా చల్లటి నీళ్లలో వేస్తే లోపలిది కుంచించుకుని, బయటి మురికిని ఆ రంధ్రాల గుండా లోపలికి లాక్కుంటుంది. కొంచెం అంటితే పొడిగుడ్డతో రుద్ది తీసేయండి. బాగా అంటిన వాటిని వాడే ముందు గోరువెచ్చటి నీళ్లతో కడిగి, ఆ పూటే బాగా ఉడికించి తినండి. మొనదేరిన వైపు కిందికి ఉండేలా పెట్టండి.

అసలు రెట్ట ఎందుకు అంటుతోంది? మీ కోళ్లు గుడ్లు పెట్టే గూట్లోనే పడుకుంటున్నాయి. కోడి రాత్రి ఎత్తైన చోటే వెతుక్కుంటుంది. దండెం గూటికంటే ఎత్తుగా కట్టండి, సాయంత్రం గూళ్లు మూసెయ్యండి. వారంలో గుడ్లు శుభ్రంగా వస్తాయి. దండెం కట్టేటప్పుడు పగుళ్లు లేని కర్ర చూడండి. ఎర్ర పేలు పగలు ఆ పగుళ్లలో దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి. టార్చి వేసి చూస్తే కనిపిస్తాయి. ఒక మూల పొడి మట్టి, బూడిద పోసి ఉంచితే పెట్టలు దాంట్లో పొర్లి తమ ఒంటి మీది పేలని తామే వదిలించుకుంటాయి.

ప్రశ్న: ఏడాదిన్నర పెట్ట. ఒళ్లంతా ఈకలు రాలిపోతున్నాయి. గుడ్లు ఆపేసింది. తురాయి కూడా పాలిపోయింది. జబ్బా?

చర్మం మీద పుండ్లు లేకుండా, మెడ దగ్గర మొదలై కిందికి రాలుతూ, కొత్త ఈకలు ముళ్లలా పొడుచుకొస్తుంటే జబ్బు కాదు, ఈకలు మార్చుకుంటోంది. ఏడాదికోసారి చేసే పనే. రెండు, మూడు నెలలు పడుతుంది. ఈకలో ఎక్కువ భాగం మాంసకృత్తే కాబట్టి ఈ రోజుల్లో గింజలు తగ్గించి పురుగులు, మంచి దాణా పెట్టండి. పట్టుకోకండి, ముళ్లీకలు నొప్పెడతాయి. గుడ్లు పెట్టమని తొందరపెట్టకండి. పగలు పొట్టిగా ఉండే నెలల్లో గుడ్లు ఎలాగూ తగ్గుతాయి, వాటికి రోజుకి 14 గంటల వెలుతురు కావాలి. ఈ విశ్రాంతి తీసుకున్న పెట్ట తర్వాత పెట్టే గుడ్ల పెంకు అంతకుముందు కంటే గట్టిగా ఉంటుంది.

ప్రశ్న: అమ్మమ్మగారూ, నేను ఆరో తరగతి. మాకు 4 పెట్టలున్నాయి. ఒకటి గోలీ కంటే కొంచెం పెద్ద గుడ్డు పెట్టింది, పగలగొడితే పచ్చసొనే లేదు. ఏ కోడి పెట్టిందో ఎలా కనిపెట్టాలి?

బంగారూ, ఈ నెల ఉత్తరాలన్నిట్లో నాకు బాగా నచ్చింది నీదే. కొత్తగా గుడ్లకొచ్చిన పెట్టకి ఇలా అవుతుంది. లోపలి గొట్టం ఇంకా పనికి అలవాటు పడలేదు, సొన లేకుండానే చుట్టూ పెంకు కట్టేస్తుంది. ఇదే పెట్ట ఒకరోజు రెండు సొనల గుడ్డు కూడా పెట్టొచ్చు. కంగారు పడకు.

కనిపెట్టడానికి రెండు దారులున్నాయి. మొదటిది, పెద్దవాళ్లు పెట్టని పట్టుకుంటే దాని తోక కింద, రెట్ట వేసే చోటికి రెండు పక్కలా రెండు ఎముక మొనలుంటాయి. వాటి మధ్య నీ వేళ్లు రెండు, మూడు పట్టాయంటే అది గుడ్లు పెడుతోందని అర్థం. ఒక్క వేలే పట్టిందంటే ఇప్పుడు పెట్టడం లేదు. రెండోది ఇంకా సరదాగా ఉంటుంది. సాయంత్రం ఒక్కో పెట్టకి రెట్ట వేసే చోట కేకుల్లో వాడే తిండి రంగు, ఒక్కోదానికి ఒక్కో రంగు, వేలితో కొంచెం రాయి. పొద్దున్నే గుడ్డు మీద ఆ రంగు చార కనిపిస్తుంది. నాలుగు రోజులు రాసి, తేదీ వేసి, ఏ పెట్ట ఏ ఆకారం గుడ్డు పెట్టిందో నోట్‌బుక్‌లో బొమ్మ వెయ్యి. ఒక్కో పెట్ట గుడ్డు ఆకారం ఇంచుమించు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, తర్వాత రంగు లేకుండానే గుర్తుపడతావు. మా ఇంట్లో మొన సన్నగా ఉంటే నల్లదానిది, గుండ్రంగా ఉంటే మెడ మీద ఈకల్లేనిదానిది. చేతులు సబ్బుతో కడుక్కోవడం మర్చిపోకు. నోట్‌బుక్ బొమ్మలు నాకు పంపు.